నమూనా పక్కన స్కేలు రాయించండి

సంపాదకులకు నమస్కారం.

వైజ్ఞానిక ప్రదర్శనల కాలం వచ్చిందంటే మీ పత్రిక జిల్లా పుటల్లో, తాము చేసిన నమూనాల వెనక నిలబడి నవ్వుతున్న పిల్లల ఫొటోలు వరుసగా వస్తాయి. వాటిని చూసి సంతోషించేవాళ్లలో నేనూ ఒకణ్ని. అయితే కర్నూలు జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లు గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి, ఆ బల్లల మీద ఉన్న వస్తువులను కాస్త పరీక్షగా చూస్తాను. ఒకచోట ఆనకట్ట ఉంటుంది, దాని పక్కనే దానికంటే పొడవైన ప్లాస్టిక్ చెట్టు ఉంటుంది. ఇంకోచోట ఇల్లు ఉంటుంది, ఆ ఇంటి గేటులో పట్టని కారు ముందు నిలబెట్టి ఉంటుంది. ఇది అసలుకు ఎన్నో వంతు అని అడిగితే జవాబు చెప్పగలిగిన పిల్లలు నాకు చాలా తక్కువమంది కనిపించారు. వాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. కొలిచి, లెక్కగట్టి, ఆ లెక్క ప్రకారం కట్టాలని వాళ్లకు ఎవరూ నేర్పలేదు, అంతే.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు స్కేలు ప్రకారం, అంటే అసలుకు ఎన్నో వంతో ముందే లెక్కగట్టి, నమూనా కట్టడాన్ని బడిలోనే ఒక పాఠంగా నేర్పాలనీ, ప్రదర్శనకు వచ్చే ప్రతి నమూనా పక్కన దాని స్కేలునూ, పిల్లలు స్వయంగా తీసుకున్న కొలతలనూ రాసిన కాగితం ఉండాలన్న నియమం పెట్టాలనీ విద్యాశాఖ అధికారులను కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఈ మూడు తరగతులే ఎందుకంటే, అవసరమైన గణితమంతా సరిగ్గా ఈ వయసులోనే పాఠ్యపుస్తకంలో ఎదురవుతుంది. ఈ తరగతుల్లోనే నిష్పత్తి, అనుపాతం వస్తాయి. ఆ తరువాత ఘనం, దీర్ఘఘనం వంటి వాటిని విప్పి పరిస్తే వచ్చే వలరూపాలు, వైశాల్యాలు, ఘనపరిమాణాలు వస్తాయి. సాంఘిక శాస్త్రంలో పటం కింద స్కేలు రాసి ఉంటుంది. ఇవన్నీ వేరువేరు పుస్తకాల్లో, వేరువేరు నెలల్లో, వేరువేరు ఉపాధ్యాయులు చెప్పేవి. 3:4 నిష్పత్తికి సమానమైన నిష్పత్తులు రాయమంటే తడుముకోకుండా రాసే పిల్లవాడు, పటం మీద మూడు సెంటీమీటర్లున్న దారి నేల మీద ఎంత పొడవుంటుందని అడిగితే ఆగిపోవడం తరగతిలో నిత్యం చూసే విషయమే. చేత్తో ఒక గోడ కోసి నిలబెట్టినప్పుడు ఆ రెండు పాఠాలూ ఒకటేనని వాడికి అర్థమవుతుంది.

మొదటి నమూనాకు తాజ్‌మహలో, చార్మినారో అక్కరలేదు. పిల్లలు కూర్చునే తరగతి గది చాలు. దానికి 1:50 స్కేలు అన్ని విధాలా అనుకూలంగా ఉంటుంది, ఎందుకంటే అసలులోని ఒక మీటరు నమూనాలో 2 సెంటీమీటర్లవుతుంది కాబట్టి ఆరో తరగతి పిల్లలు నోటితోనే లెక్క చెప్పగలరు. గది పొడవు ఏడున్నర మీటర్లుంటే నమూనాలో 15 సెంటీమీటర్లు, వెడల్పు 6 మీటర్లుంటే 12 సెంటీమీటర్లు, 3.3 మీటర్ల ఎత్తు 6.6 సెంటీమీటర్లు, 2.1 మీటర్ల తలుపు 4.2 సెంటీమీటర్లు. కొలవడానికి టేపు చాలు. ఒకరు టేపు కొస గోడకు ఆనించి పట్టుకోవాలి, ఒకరు చదవాలి, ఒకరు రాసుకోవాలి, నాలుగో వాళ్లు అదే కొలతను మళ్లీ తీసి సరిచూడాలి. ఈ నాలుగో పని మన బడుల్లో ఎవరూ చేయించరు. ఒకే గోడకు రెండు జట్లు తెచ్చిన కొలతల్లో మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చిందనుకోండి, టేపు వదులుగా పట్టుకున్నారా, ఎక్కడైనా కిటికీ గట్టు మీదికి ఎక్కించారా, సున్నా గీత దగ్గరినుంచి కాక టేపు చివరి ఇనుప కొక్కెం దగ్గరినుంచి లెక్కపెట్టారా అని వాళ్లే వెతుక్కుంటారు. ఆ వెతుకులాట ఒక పీరియడ్ తినేసినా తిననివ్వాలని నా అభిప్రాయం.

అసలు పాఠం గోడ మందం దగ్గర మొదలవుతుంది. మన ఊళ్లలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడ అంటే ఇంచుమించు 23 సెంటీమీటర్లు. 1:50లో అది 4.6 మిల్లీమీటర్లు. స్టేషనరీ దుకాణాల్లో దొరికే 5 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు దానికి దాదాపుగా సరిపోతుంది, కాబట్టి పిల్లలు వాడే షీటే గోడగా పనికొస్తుంది. కానీ గది లోపలి కొలతలు 15, 12 అని తెలుసుకుని, ఆ కొలతలకే నాలుగు గోడలూ కోసి నిలబెడితే మూలలు కలవవు. ఎక్కడో ఒకచోట సందు మిగులుతుంది. రెండు గోడలను రెండు వైపులా మందం కలిపి 16 సెంటీమీటర్లకూ, మిగిలిన రెండింటిని 12కే కోయాలి. దీన్ని నల్లబల్ల మీద చెప్పితే పిల్లలు తల ఊపుతారు గానీ, మూలలో సందు పడ్డ గదిని చేతిలో పట్టుకున్న జట్టు మాత్రం ఇంకెప్పుడూ లోపలి కొలతకూ, బయటి కొలతకూ తేడా మరవదు. తండ్రి బేల్దారి (తాపీ) పనికి వెళ్లే పిల్లలు ఈ మూల దగ్గర మిగిలినవాళ్ల కంటే ముందే జాగ్రత్తపడటం నేను గమనించాను. ఇంట్లో విన్న మాట తరగతిలో పనికొచ్చిందని తెలిసినప్పుడు ఆ పిల్లలు తలెత్తి మాట్లాడతారు.

మెట్లు ఇంకా మంచి పాఠం. 15 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు 1:50లో 3 మిల్లీమీటర్లవుతుంది. 3.3 మీటర్ల ఎత్తు ఎక్కడానికి 22 మెట్లు కావాలి. మూడు మిల్లీమీటర్ల బైండింగ్ అట్టను పట్టీలుగా కోసి ఒకదాని మీద ఒకటి, ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి అతికిస్తే మెట్లు తయారవుతాయి. ఆ అట్ట నిజానికి 2.8 మిల్లీమీటర్లే ఉంటే? ఒక మెట్టులో కంటికి ఆనని తేడా 22 మెట్లు ఎక్కేసరికి 4.4 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే అసలు మేడలో 22 సెంటీమీటర్లు. మెట్లు పై అంతస్తును అందుకోవు. చిన్న చిన్న తేడాలు ఒకే దిక్కున పోగుపడితే ఎంత దూరం పోతాయో తెలియజేయడానికి, ఈ వయసు పిల్లలకు ఇంతకంటే సులువైన దారి నాకు కనబడలేదు. పది అట్టలను కలిపి కొలిచి పదితో భాగిస్తే ఒక అట్ట మందం సరిగ్గా తెలుస్తుందన్న కిటుకు కూడా ఇక్కడే చెప్పవచ్చు.

పనిముట్ల గురించి తల్లిదండ్రులకు భయం ఉంటుంది, అది సహజం. ఆరో తరగతి వాళ్లకు కత్తెర, చార్టు, పలుచటి అట్ట చాలు. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో స్టీలు స్కేలు ఆనించి గీత మీద ఒత్తి గీస్తే అట్ట ఆ గీత వెంటే తిన్నగా మడతపడుతుంది. వలరూపాలతో చేసే నమూనాలన్నీ ఈ పద్ధతిలో కత్తి ముట్టకుండానే అయిపోతాయి. కట్టరును ఎనిమిదో తరగతిలో, అదీ ఉపాధ్యాయుడు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే ఇవ్వాలి. కింద పాత అట్ట వేసుకోవాలి, ప్లాస్టిక్ స్కేలు కాకుండా స్టీలు స్కేలే ఆనించాలి, స్కేలు పట్టుకున్న చేతి వేళ్లు కట్టరు నడిచే దారిలో ఉండకూడదు, ఒక్కసారిగా బలంగా లాగకుండా అదే గీత మీద నాలుగైదు సార్లు తేలికగా నడపాలి. బలం పెట్టి కోసినప్పుడే బ్లేడు జారుతుంది. థర్మోకోల్‌ను నేను సిఫారసు చేయను. అంచులు పూసపూసలుగా రాలిపోయి మిల్లీమీటరు లెక్క నిలవదు, ఆ పూసలు బడి ఆవరణంతా ఎగురుతాయి.

మరొక్క మాట. జట్టులో ఆడపిల్లలూ మగపిల్లలూ ఉంటే, కొలవడం, కోయడం మగపిల్లల చేతికీ, రంగులు వేయడం, పేరు అందంగా రాయడం ఆడపిల్లల చేతికీ వాటంతటవే వెళ్లిపోతాయి. ఉపాధ్యాయుడు పట్టించుకోకపోతే అదే ఖాయమవుతుంది. ప్రతి వారం పని మార్చాలి, టేపు అందరి చేతుల్లోకీ రావాలి.

గది పూర్తయ్యాక బయటికి రావచ్చు. మా కర్నూలు పిల్లలకు కొండారెడ్డి బురుజు ఉంది. అక్కడి సిబ్బంది అనుమతి తీసుకుని, బురుజు ఎక్కకుండానే దాని ఎత్తు కనుక్కోవచ్చు. జామెట్రీ బాక్సులోని 45 డిగ్రీల మూలమట్టాన్ని కంటి దగ్గర పట్టుకుని, దానికి దారంతో చిన్న రాయి వేలాడదీసి అడుగు అంచు నేలకు సమాంతరంగా ఉందో లేదో చూసుకుంటూ, వాలు అంచు వెంట బురుజు కొస కనబడేదాకా వెనక్కి నడవాలి. నేల చదునుగా ఉంటే, అక్కడినుంచి కొసకు సరిగ్గా కింద ఉండే చోటు వరకు ఉన్న దూరానికి కంటి ఎత్తు కలిపితే బురుజు ఎత్తు వస్తుంది. గోడ పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటే ఆ వాలు కూడా దూరంలో కలపాలి. త్రికోణమితి రాని ఏడో తరగతి పిల్లలకు సమద్విబాహు లంబకోణ త్రిభుజం ఒక్కటి తెలిస్తే చాలు. పల్లె బడుల్లో బురుజు లేదన్న బాధ అక్కరలేదు, ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. దాని ఎత్తు ఇలాగే వస్తుంది, చుట్టుకొలతను తాడుతో కొలిచి స్తంభాల లావు కనుక్కోవచ్చు.

2022లో జిల్లాల విభజనతో శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లినా మా నోట ఇంకా అనంతపురం లేపాక్షిగానే ఉన్న ఊళ్లోని ఏకశిలా నంది దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉంటుంది. 1:20లో బంకమట్టితో చేస్తే అది 41 సెంటీమీటర్ల పొడవు, 23 సెంటీమీటర్ల ఎత్తున, బల్ల మీద సరిపోయే బొమ్మ అవుతుంది. గుంతకల్లు పిల్లలకు రైలే ఉంది. ప్రపంచమంతా ఎక్కువగా కట్టే 1:87 స్కేలు రైలు నమూనాల్లో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, ఎందుకంటే ఆ స్కేలు 1,435 మిల్లీమీటర్ల గేజికి లెక్కగట్టింది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు కాబట్టి మన వ్యాగన్‌ను అదే స్కేలులో కడితే పట్టాలు 19 మిల్లీమీటర్లకు పైగా దూరంలో ఉండాలి. కొన్న పట్టాల మీద మన బండి ఎందుకు సరిగ్గా కూర్చోదో ఎనిమిదో తరగతి పిల్లలు తామే లెక్కవేసి చెప్పగలరు.

కడప జిల్లా బడులకు గండికోట లోయను మించిన పాఠం లేదు. భారత సర్వే శాఖ 1:50,000 పటాల్లో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖలు 20 మీటర్లకొకటి చొప్పున ఉంటాయి. ఒక్కో రేఖ ఆకారంలో ఒక్కో అట్ట కోసి పేరిస్తే లోయ ఆకారం పైకి లేస్తుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. అదే స్కేలులో 20 మీటర్లంటే 0.4 మిల్లీమీటర్లే, అంత పలుచటి అట్టతో దాదాపు 300 అడుగుల లోతున్న పెన్నా లోయ కూడా రెండు మిల్లీమీటర్ల గీతలా మిగిలిపోతుంది. అందుకని నిలువును అయిదు రెట్లు పెంచి రెండు మిల్లీమీటర్ల అట్ట వాడతారు. అప్పుడు నమూనా మీద ‘అడ్డం 1:50,000, నిలువు 1:10,000’ అని తప్పనిసరిగా రాయాలి. రాయకపోతే చూసేవాళ్లకు అబద్ధం చెప్పినట్టే. తాను చేసిన వస్తువు ఎక్కడ నిజానికి కట్టుబడి ఉందో, ఎక్కడ లేదో బాహాటంగా రాసిపెట్టే అలవాటు పన్నెండేళ్ల వయసులో పడితే, ఆ మేలు ఒక్క గణితానికే పరిమితం కాదు.

పొడవు తగ్గినంత మాత్రాన మిగిలినవన్నీ అంతే తగ్గవన్నది ఎనిమిదో తరగతిలో చెప్పాలి. 1:50 నమూనాలో వైశాల్యం 2,500వ వంతు, ఘనపరిమాణం 1,25,000వ వంతు అవుతుంది. లేపాక్షి నందిని అదే రాతితో 1:20లో చెక్కితే బరువు 8,000వ వంతే ఉంటుంది. ఆ బరువును మోసే బలం మాత్రం వైశాల్యంతో పాటు 400వ వంతుకే తగ్గుతుంది. అందుకే చిన్న నమూనా గట్టిగా నిలబడ్డంత మాత్రాన పెద్ద కట్టడం కూడా అలాగే నిలబడుతుందని అనుకోకూడదు. 1638లో అచ్చయిన తన గ్రంథంలో గెలీలియో వివరంగా చర్చించిన విషయం ఇది. 1916లో మొదలై, ఇప్పుడు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో ఆనకట్టల నమూనాలు కట్టి, నీరు వదిలి పరీక్షిస్తారు. అక్కడి ఇంజనీర్లు 1:100 నమూనాలో నీటి వేగాన్ని నూరో వంతుగా కాకుండా, నూరుకు వర్గమూలం పది కాబట్టి, పదో వంతుగా లెక్కగడతారు.

నీటితో ముడిపడిన బతుకులు మావి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ప్రతి ఇంట్లో దాని గురించే మాట్లాడుకున్నారు. పిల్లలు ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఒక ప్లాస్టిక్ డబ్బాకు రెండు పక్కలా ఎదురెదురుగా నిలువు గాడులు అమర్చి, వాటిలో జారే రేకు గేటు పెట్టి, గొలుసు కట్టి ఎత్తి చూపిస్తే సగం ప్రశ్నలకు అక్కడే సమాధానం దొరుకుతుంది. ఖాళీ డబ్బాలో రెండు వేళ్లతో పైకి వచ్చే రేకు, ఒక పక్క నీళ్లు నిండాక గాడికి అదుముకుపోయి గట్టిగా లాగితే తప్ప కదలదు. నీటి మట్టం పెంచుతూ, స్ప్రింగు త్రాసుతో ఎంత బలం పడుతోందో రాసుకుంటే అది భౌతిక శాస్త్రం పాఠమే.

సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలని ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. ఆ ఒత్తిడి నాకు తెలుసు, తేలిగ్గా తీసిపారేయను. కానీ నిష్పత్తి పాఠానికి ఎలాగూ కేటాయించిన పీరియడ్లలో సగం ఈ పనికి ఇస్తే అదనపు సమయం పెద్దగా అడగదు. జాతీయ విద్యావిధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల వంటి స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పిల్లలు పని నేర్చుకోవాలని చెప్పింది. ఆ రోజుల్లో ఒక బేల్దారి మేస్త్రీని బడికి పిలిచి, మూలమట్టం, సమతలం చూసే రసమట్టం ఎలా వాడతారో చూపించమంటే ఎంతో గౌరవంగా వచ్చి చూపిస్తారు. ఐటీఐల్లో కట్టడాల పటాలు గీయడం నేర్పే సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివే యువకులను శనివారాల్లో పంపవచ్చు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒకదాన్ని గణిత, సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు కలిసి ఒక తరగతి గది నమూనా కట్టడానికి కేటాయిస్తే శిక్షణ కూడా అయిపోతుంది. తాను ఒకసారి కట్టిన ఉపాధ్యాయుడే పిల్లలతో కట్టించగలడు.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. అట్ట, ఫెవికాల్, టేపు, స్టీలు స్కేలు కలిపి ఒక జట్టుకు రెండు మూడు వందల రూపాయల్లో వస్తాయి. పిల్లలు చేత్తో ప్రయోగాలు చేసే అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడులకు 20 లక్షల రూపాయల దాకా కేంద్ర సాయం అందుతుంది, బడి పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర పథకం ఇన్‌స్పైర్ మనక్‌లో ఆలోచన ఎంపికైన విద్యార్థికి నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తారు. త్రీడీ ప్రింటర్ ఉన్న ల్యాబుల్లో కూడా పిల్లలు మొదటి నమూనాను చేత్తోనే కట్టాలని నా మనవి. ఎక్కడినుంచో దించుకున్న ఫైలును యంత్రం అచ్చు వేసి ఇస్తే పిల్లవాడు కొలిచిందేమీ ఉండదు.

డబ్బు కంటే పెద్ద బెడద మరొకటి ఉంది. సిద్ధంగా చేసి పెట్టిన నమూనాలు దుకాణాల్లో అమ్ముతున్నారు, చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మా నగరంలోని ఒక పాఠశాలలో, అట్టతో తానే కష్టపడి చేసి తెచ్చిన పిల్లవాడి నమూనాను వెనక బల్ల మీదికి నెట్టి, దీపాలు వెలిగే కొన్న నమూనాను ముందు పెట్టడం నేను చూశాను. ఆ పిల్లవాడి అట్టకు వంకర ఉంది, కొలతలు మాత్రం సరిగ్గా ఉన్నాయి. బహుమతి మెరుపుకే వస్తుందని పిల్లలు ఒకసారి గ్రహించాక, కొలిచే ఓపిక వాళ్లకు ఎందుకుంటుంది? ఆ తల్లిదండ్రులను తప్పుపట్టను, ఆ నమూనాలను కొనక తప్పని పరిస్థితిని సృష్టిస్తున్నది మనం పెట్టే పోటీలే.

అందుకే జిల్లా స్థాయి ప్రదర్శనల న్యాయనిర్ణేతలకు ఇచ్చే మార్కుల పత్రంలో సగం మార్కులు కొలతల కాగితానికీ, గీసిన పటానికీ, పిల్లలు చెప్పే జవాబులకూ ఉండాలని కోరుతున్నాను. న్యాయనిర్ణేత చేతిలో ఒక స్కేలు ఉండాలి. నమూనాలోని ఏదైనా ఒక భాగాన్ని కొలిచి, ఇది అసలులో ఎంత ఉంటుందని ఆ పిల్లనే అడగాలి. 1:50లో ఒక మిల్లీమీటరు తేడా అంటే అసలులో 5 సెంటీమీటర్లని తెలిసిన పిల్ల, తన నమూనాలో ఎక్కడ ఎంత తేడా ఉందో తానే చూపిస్తుంది. అలా చూపించినందుకు మార్కులు కలపాలి గానీ తీసేయకూడదు. కర్నూలు, నంద్యాల, అనంతపురం, శ్రీసత్యసాయి, కడప జిల్లాల విద్యాశాఖాధికారులు ఈ ఏడాది ప్రదర్శనల ప్రకటనలోనే ‘ప్రతి నమూనాకు స్కేలు, విద్యార్థులు స్వయంగా తీసిన కొలతల కాగితం తప్పనిసరి’ అన్న ఒక్క వాక్యం చేర్చవలసిందిగా మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
కర్నూలు